ఒంటి వాసన వస్తోందని ఉద్యోగం మానేయమంటున్నారు, నేనేం చెయ్యాలి?

ప్రశ్న: మేడం, నేను గుంటూరులో ఒక బట్టల షోరూంలో ఆరేళ్ళ నుంచి బిల్లింగ్ కౌంటర్‌లో పని చేస్తున్నా, జీతం 16 వేలు. నాకు చిన్నప్పట్నించి చెమట ఎక్కువ, అరచేతులు కూడా ఎప్పుడూ తడిగానే ఉంటాయి. రెండు పూటలా స్నానం చేస్తా. వాళ్ళిచ్చిన యూనిఫాం ఒకటే జత, అది కూడా పాలిస్టర్. పోయిన నెల పొద్దున మీటింగ్‌లో ఫ్లోర్ మేనేజర్ అందరి ముందు "నీ పక్కన నిలబడలేకపోతున్నాం" అన్నాడు, ఆ సాయంత్రం స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో నా ఫొటో పెట్టి దాని కింద సబ్బు బొమ్మలు పెట్టాడు. గ్రూపులో 28 మందిమి ఉన్నాం. రెండ్రోజులకి నన్ను గోడౌన్‌కి మార్చారు. ఇప్పుడేమో సొంత కారణాలతో మానేస్తున్నానని కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు, సోమవారం దాకా టైం ఇచ్చారు. వాసన వస్తోందని ఉద్యోగం తీసెయ్యొచ్చా? కేసు పెడితే నిలబడుతుందా? ఒకసారి కస్టమర్ల ముందే "మీ వాళ్ళకి ఎంత చెప్పినా శుభ్రం రాదు" అని కూడా అన్నాడు. మేము ఎస్సీలం.

జవాబు: తమ్ముడూ, మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం, ముందు సోమవారం సంగతి. ఆ కాగితం మీద సంతకం పెట్టొద్దు. బతిమాలినా పెట్టొద్దు, బెదిరించినా పెట్టొద్దు, "పెడితేనే ఈ నెల జీతం ఇస్తాం" అన్నా సరే పెట్టొద్దు.

ఎందుకంటే మన రాష్ట్రంలో షాపులు, షోరూంలకి 1988 నాటి షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం ఉంది, అందులో 47వ సెక్షన్ మీలాంటి వాళ్ళ కోసమే పెట్టింది. ఆరు నెలలు ఆగకుండా పని చేసిన మనిషిని తీసెయ్యాలంటే ఓనర్ దగ్గర సరైన కారణం ఉండాలి, నెల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, లేదంటే ఆ నెల జీతం చేతిలో పెట్టాలి. తీసేసింది అన్యాయం అనిపిస్తే 48వ సెక్షన్ కింద లేబర్ డిపార్ట్‌మెంట్ అథారిటీ దగ్గర అప్పీల్ వేసుకోవచ్చు, అక్కడ ఓనర్ వచ్చి తన కారణం నిరూపించుకోవాలి. ఇదంతా వాళ్ళు మిమ్మల్ని తీసేస్తేనే. మీరే "సొంత కారణాలు" అని సంతకం పెట్టేస్తే ఇక తీసేసిందెవరు, అప్పీల్ దేని మీద? రేపు కోర్టులో "ఆయనే మానేశారండీ" అని ఆ కాగితం చూపిస్తారు. ఆ తర్వాత బలవంతంగా పెట్టించారని నిరూపించుకోవడం చాలా కష్టం, నా దగ్గరికొచ్చే పది మందిలో ఎనిమిది మంది సంతకం పెట్టేశాకే వస్తారు.

గ్రాట్యుటీ, అంటే ఏళ్ళ తరబడి పని చేసినందుకు ఉద్యోగం వదిలేటప్పుడు ఓనర్ ఇవ్వాల్సిన మొత్తం గురించి భయపెడతారేమో, దానికి భయపడొద్దు. పది మంది, ఆ పైన పని చేసే చోట ఐదేళ్ళు నిండితే మానేసినా తీసేసినా గ్రాట్యుటీ ఇవ్వాల్సిందే. లెక్క కూడా రాసుకోండి, 16 వేలని 15తో గుణించి 26తో భాగిస్తే ఏడాదికి 9,230 చిల్లర, ఆరేళ్ళకి సుమారు 55,384 రూపాయలు. స్లిప్‌లో బేసిక్ తక్కువ చూపించి మిగతాది అలవెన్సులని రాసుంటే ఈ అంకె తగ్గుతుంది గానీ, 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాక మొత్తం జీతంలో అలవెన్సులు సగం దాటితే దాటిన ముక్కని కూడా వేతనంలోనే కలపాలి. పనిచేసిన రోజుల జీతమైతే మీరు మానేసినా వాళ్ళు తీసేసినా రెండు పనిదినాల్లో ఇచ్చెయ్యాలని ఆ కోడ్‌లలోని వేతనాల కోడ్ చెప్తోంది. కాబట్టి "సంతకం పెడితేనే జీతం" అనే మాటకి చట్టంలో ఎక్కడా చోటు లేదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ఒంటి వాసన నేరం కాదు. దుష్ప్రవర్తన కూడా కాదు. మీరు దొంగతనం చేశారా, కస్టమర్‌తో గొడవ పడ్డారా, చెప్పకుండా రోజుల తరబడి మానేశారా? లేదు కదా. ఒంట్లోంచి చెమట రావడం మనిషి చేసిన తప్పెలా అవుతుంది? అయితే ఓనర్ వైపు కూడా ఒక మాట ఉంది, అది మీకు దాచకుండా చెప్పాలి. పదిమంది వచ్చిపోయే వ్యాపారం, స్టాఫ్ శుభ్రంగా ఉండాలని రూల్ పెట్టుకునే హక్కు ఆయనకుంది. మర్యాదగా చెప్పి, టైం ఇచ్చి, రాసిచ్చి, అయినా ఏమీ పట్టించుకోకపోతే అప్పుడది మాట వినకపోవడం కిందకి వస్తుంది, దాని మీద చర్య తీసుకోవచ్చు. అదే హోటల్ వంటగదైతే రూల్ ఇంకా గట్టిది, ఆహార భద్రత చట్టం కిందే వంటవాళ్ళ ఒంటి శుభ్రత గురించి, ఏడాదికోసారి మెడికల్ చెకప్ గురించి రాసుంది. కానీ మీ విషయంలో నోటీసు లేదు, నాలుగు గోడల మధ్య పిలిచి చెప్పిందీ లేదు, నేరుగా మీటింగ్‌లో మొదలుపెట్టి వాట్సాప్‌లో ముగించారు. సరైన కారణం ఉందని అథారిటీ ముందు చెప్పాలంటే ఇది చాలదు.

కొన్నేళ్ళ క్రితం విజయవాడ వన్‌టౌన్ నుంచి ఒక హోల్‌సేల్ కొట్టు ఓనర్ ఇదే సమస్యతో నా దగ్గరికొచ్చారు, "కుర్రాడి దగ్గర కంపు మేడం, తీసెయ్యాలి, నోటీసు రాసివ్వండి" అన్నారు. నోటీసు రాయకుండా ముందు ఆ అబ్బాయిని విడిగా కూర్చోబెట్టి ఎక్కడ ఉంటున్నాడో, నీళ్ళెక్కడ పోసుకుంటున్నాడో అడగమన్నాను. అడిగితే తేలిందేంటంటే ఆ పిల్లాడు రాత్రిళ్ళు ఆ కొట్టు పైన మూటల మధ్యే పడుకుంటున్నాడు, కింద ఉన్న ఒక్క బాత్రూంకి రాత్రి తొమ్మిదింటికి తాళం వేసేస్తున్నారు. తాళం వేయించింది ఆ ఓనరే. ఆయన మంచివారే, విని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు, మర్నాడే తాళం తీయించారు. ఆ అబ్బాయిని తీసెయ్యాలన్న మాట మళ్ళీ రాలేదు.

అందుకే మీ ఉత్తరంలో "ఒకటే జత, పాలిస్టర్" అన్న ముక్క నాకు చాలా ముఖ్యం. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఊరు మనది, ఆ ఎండలో పాలిస్టర్ చొక్కా వేసుకుని బస్సెక్కి వచ్చి పన్నెండు గంటలు నిలబడితే ఎవరి ఒళ్ళయినా అంతే. చెమటకి వాసన ఉండదు అని డాక్టర్లు చెప్తారు, చర్మం మీద బ్యాక్టీరియా దాన్ని విరిచినప్పుడే వాసన పుడుతుంది, పాలిస్టర్ బట్ట ఆ వాసనని నూలు కంటే ఎక్కువ పట్టుకుంటుంది. రాత్రి ఉతికితే పొద్దుటికి ఆరదు, తడి చొక్కా వేసుకొస్తే ఇంకా ఎక్కువ. రెండో జత ఇవ్వకుండా వాసన అనడం ఏం న్యాయం?

మీరు చెయ్యాల్సింది కూడా ఒకటుంది. చిన్నప్పట్నించి అరచేతులు కూడా తడుస్తున్నాయంటే అది చెమట ఎక్కువ పట్టే జబ్బు అయ్యుండొచ్చు, దానికి మందుంది, రాత్రిపూట రాసుకునే లోషన్లు ఉన్నాయి, ఒక్కోసారి థైరాయిడ్, షుగర్ వల్ల కూడా చెమట ఎక్కువవుతుంది. గుంటూరు జీజీహెచ్‌లో, అంటే ప్రభుత్వాసుపత్రిలో చర్మ వ్యాధుల ఓపీకి వెళ్ళండి, చీటీ, టెస్టుల కాగితాలు, మందుల బిల్లులు అన్నీ ఫైల్ చేసుకోండి. ఆరోగ్యం కోసం ఎలాగూ వెళ్ళాలి, పైగా రేపు అథారిటీ ముందు "ఈ మనిషి తన వంతు ప్రయత్నం చేస్తున్నాడు" అని చెప్పడానికి ఆ ఓపీ చీటీ కంటే మంచి సాక్ష్యం లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు రాశారు, అందులో ఇది లేదు, కాబట్టి ఆ చట్టం మీద ఆశ పెట్టుకోవద్దు.

వాట్సాప్ ఫొటో సంగతి. 28 మంది ఉన్న గ్రూపులో పరువు తీసేలా పెట్టారు కాబట్టి భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువు నష్టం అని అడగొచ్చు, రెండేళ్ళ దాకా సాధారణ జైలు, జరిమానా, లేదా సమాజ సేవ శిక్షగా ఉంటాయి. దీనికి పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టరు, మేజిస్ట్రేట్ కోర్టులో ప్రైవేట్ కంప్లైంట్ వేసుకోవాలి. నా సలహా అడిగితే ఇది చివరిదిగా ఉంచుకోండి. ఏళ్ళు పడుతుంది, పైగా మిమ్మల్ని అన్న ఆ మాటే కోర్టు హాల్లో మళ్ళీ మళ్ళీ చదువుతారు, సాక్షుల్ని అడుగుతారు, అది తట్టుకోవడం అందరి వల్లా కాదు. సాక్ష్యం మాత్రం ఇప్పుడే భద్రం చెయ్యండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే తీసి ఊరుకోవద్దు, గ్రూపులోంచి బయటకి రావొద్దు, చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి మెయిల్‌కి పంపుకోండి, ఫోన్ మార్చొద్దు, అమ్మొద్దు. కోర్టులో పెట్టాలంటే ఈ కాపీ ఫలానా ఫోన్‌లోంచి తీసిందేనని సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ ఇవ్వాలి, అందుకు ఆ ఫోనే కావాలి.

ఇక మీరు చివర్లో రెండు ముక్కల్లో రాసిన మాట. నేనక్కడే ఆగిపోయాను తమ్ముడూ. "మీ వాళ్ళకి శుభ్రం రాదు" అనేది ఒంటి వాసన మాట కాదు. తరతరాలుగా ఒక కులపోళ్ళని దూరం నిలబెట్టడానికి వాడిన మాట అది, రాజ్యాంగం 17వ అధికరణంలో అంటరానితనం రద్దు చేసింది ఇలాంటి మాటల వెనకున్న బుద్ధి పోవాలనే. ఆ మేనేజర్ ఎస్సీ, ఎస్టీ కాకపోతే, మీ కులం తెలిసి, అవమానించాలనే ఉద్దేశంతో, నలుగురూ చూసేలా అంటే 1989 అట్రాసిటీ చట్టం 3(1)(ఆర్) కింద నేరం. కస్టమర్లున్న షోరూం ఫ్లోర్ అంటే నలుగురూ చూసే చోటే. డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేస్తారు, ముందస్తు బెయిల్‌కి చట్టంలో అడ్డు ఉంది.

కానీ ఇక్కడ చాలా నిక్కచ్చిగా ఉండాలి. కులం కారణంగానే అవమానించినట్టు ఉండాలి, ఊరికే గొడవలో తిట్టుకుంటే చాలదని సుప్రీంకోర్టు 2020లో హితేష్ వర్మ కేసులో చెప్పింది. "మీ వాళ్ళు" అంటే మీ కౌంటర్ వాళ్ళు అన్నాను అని ఆయన తప్పించుకోవచ్చు. అందుకని ఆ రోజు తేదీ, టైం, పక్కనెవరున్నారు, అంతకుముందు మీ కులం గురించి ఏమైనా అన్నాడా, ఇవన్నీ మర్చిపోకముందే ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. విన్నది విన్నట్టు రాయండి, ఒక్క ముక్క ఎక్కువ రాసినా మొత్తం కేసు పల్చబడుతుంది. కంప్లైంట్ ఇవ్వాలా వద్దా అన్నది మీ నిర్ణయం, ఇస్తే మాత్రం మీ తప్పేమీ లేదు, సిగ్గుపడాల్సింది మీరు కాదు. ఎస్సీలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు, గుంటూరు కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళండి, లేదా 15100కి ఫోన్ చెయ్యండి.

ఇది చదివే ఆడపిల్లలకి ఒక మాట. ఇలాంటి వ్యాఖ్యే ఒంటి మీద అసభ్యంగా, నెలసరి గురించి, లోపలి బట్టల గురించి వస్తే అది పనిచేసే చోట లైంగిక వేధింపు కింద 2013 చట్టంలోకి వచ్చే అవకాశం ఉంది, పది మంది, ఆ పైన ఉన్న చోట ఆ కంప్లైంట్లు వినే కమిటీ ఉండి తీరాలి, మూడు నెలల్లోపు కంప్లైంట్ ఇవ్వాలి.

గోడౌన్ మార్పు గురించి మరీ ఆశ పెట్టను. జీతం తగ్గించకుండా పని మార్చే వీలు సాధారణంగా యాజమాన్యానికి ఉంటుంది, కాబట్టి వెళ్ళి పని చెయ్యండి, ఒక్కరోజు కూడా మానొద్దు, మానితే ఆ కారణం వాళ్ళకి మీరే ఇచ్చినట్టు. రోజూ అటెండెన్స్ వేసిన ఫొటో తీసుకోండి. ఈ ఆదివారమే ఓనర్ పేరు మీద ఒక పేజీ ఉత్తరం రాయండి, మేనేజర్‌కి కాదు, ఓనర్‌కే. తిట్లు వద్దు, బెదిరింపు వద్దు. ఇలా ఉంటే చాలు:

"అయ్యా, నేను ఆరేళ్ళుగా మీ దగ్గర పని చేస్తున్నాను. నాకు చెమట ఎక్కువ పట్టే సమస్య ఉంది, డాక్టర్‌కి చూపించుకుంటున్నాను. రెండో జత నూలు యూనిఫాం ఇప్పించగలరు, మధ్యాహ్నం ముఖం కడుక్కుని చొక్కా మార్చుకోవడానికి పది నిమిషాలు ఇవ్వగలరు. ఫలానా తేదీన మీటింగ్‌లో, గ్రూపులో నన్ను అవమానించారు, ఆ ఫొటో తీయించగలరు. నన్ను రాజీనామా చెయ్యమంటున్నారు, నేను రాజీనామా చెయ్యడం లేదు, పని చెయ్యడానికి సిద్ధంగా ఉన్నాను."

ఒక కాపీ చేతికిచ్చి రెండో కాపీ మీద తీసుకున్నట్టు సంతకం అడగండి, పెట్టకపోతే సోమవారం పొద్దున షోరూంకి వెళ్ళే దారిలోనే పోస్టాఫీసులో స్పీడ్ పోస్ట్ చేసి, ఆ రసీదు జేబులో పెట్టుకుని లోపలికి వెళ్ళండి.