‘లో రైడర్’ పాటను రేసు కార్ల వీడియోలకు పెట్టకండి

మీరు అడిగినవి రెండు: అమెరికా సంగీత బృందం వార్ ‘లో రైడర్’ పాటలో చెప్పే కార్లు ఏవి, అవి ఎలా పైకి లేస్తాయి అని. రెంటికీ చెప్తాను: ఆ కార్లు నేలకు బాగా దగ్గరగా దించేసిన ‘లో రైడర్లు’. కానీ ఈ పాటను చక్రాలు పొగలు కక్కే కార్ల వీడియోల వెనక పెట్టేవాళ్లను చూస్తే బాధేస్తుంది. పాటలోని మనిషి నెమ్మదిగా నడుపుతాడు. విషయమంతా అదే.

పాట 1975లో వచ్చింది, బిల్‌బోర్డ్ ఆర్ అండ్ బీ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. వార్ పుట్టింది లాంగ్ బీచ్‌లో, అంటే ఈ కార్లు తిరిగే చోటే. గొంతును బాగా కిందికి దించి పాడింది శాక్సఫోన్ వాయించే చార్లెస్ మిల్లర్. కౌబెల్ (కర్రతో కొట్టే లోహపు గంట), బేస్ గిటారు దారి వేస్తాయి. శాక్సఫోనూ, లీ ఆస్కర్ హార్మోనికా కలిసి ఒకే వరస వాయిస్తాయి. బేస్ అదే ముక్కను తిప్పి తిప్పి వాయిస్తుంది, పాట ఎక్కడికీ పరిగెత్తదు. ఈస్ట్ లాస్ ఏంజెలెస్‌లో విటియర్ బులవార్డ్ మీద చికానో (మెక్సికో మూలాల అమెరికన్) కుర్రాళ్లు సాయంత్రాలు కార్లు తిప్పిన తీరు సరిగ్గా అదే: అందరూ చూడాలని సాగే ఊరేగింపు.

ఇక ఎగరడం. మొదట్లో కారును కిందికి దించడానికి డిక్కీలో ఇసుక బస్తాలు వేసేవాళ్లు, స్ప్రింగులు కోసేవాళ్లు. తర్వాత కాలిఫోర్నియా వాహన చట్టంలో సెక్షన్ 24008 వచ్చింది. మార్పులు చేసిన కారులో చక్రాలు తప్ప ఏ భాగమూ రిమ్ అడుగు అంచుకన్నా కిందికి ఉండకూడదని అందులో ఉండేది. ఉంటే జరిమానా. 1959లో రాన్ అగిరే అనే అతను తన కార్వెట్ కారుకు విమానాల పాత సామానులోంచి తెచ్చిన హైడ్రాలిక్ (ఆయిల్ ఒత్తిడితో పనిచేసే) పంపులు, వాల్వులు బిగించాడు. పోలీసు కనిపిస్తే స్విచ్ నొక్కి కారు లేపడం, వెళ్లాక దించడం. ఈ కార్ల చరిత్రలో ఇంతకన్నా తెలివైన పని నాకు కనపడలేదు.

ఇప్పటికీ అమరిక దాదాపు అదే. డిక్కీలో మోటారు, గేర్ పంపు, ఆయిల్ ట్యాంకు. అక్కణ్నుంచి గొట్టాలు స్ప్రింగుల దగ్గరి సిలిండర్లకు వెళ్తాయి. స్విచ్ నొక్కితే ఆయిల్ సిలిండర్లోకి వెళ్లి కారు లేస్తుంది, చెక్ వాల్వ్ దాన్ని వెనక్కి రానివ్వదు. దించడానికి మోటారు అక్కర్లేదు. డంప్ వాల్వ్ తెరిస్తే కారు బరువే ఆయిల్‌ను ట్యాంకులోకి నెట్టేస్తుంది. ముందుకొకటి, వెనక్కొకటి, రెండు పంపులు చాలు. లేపి దించుకోవడానికి 12 వోల్టుల బ్యాటరీలు నాలుగు వరుసగా కలిపితే 48 వోల్టులు సరిపోతాయి. ముందు చక్రాలు గాల్లోకి ఎగరాలంటే ఆరు, 72 వోల్టులు. 1958 నుంచి 1964 దాకా వచ్చిన షెవ్రొలే ఇంపాలా కార్లను అందరూ కోరుకోవడానికి అందమొక్కటే కారణం కాదు. నాలుగు వైపులా కాయిల్ స్ప్రింగులే కావడంతో సిలిండర్ సులువుగా కూర్చుంటుంది.

పాడయ్యేవి ఎప్పుడూ అవే. సిలిండర్ చివరిదాకా లేచాక కూడా స్విచ్ పట్టుకుని ఉంటే మోటారు బ్రష్‌లు కాలిపోతాయి. అంత వోల్టేజీ దానికి క్షణాల పనికే. మోటారుకు కరెంటు కలిపే స్విచ్ అయిన సొలినాయిడ్ లోపలి కాంటాక్టులు వేడికి అతుక్కుంటే చెయ్యి తీసినా మోటారు ఆగదు. అందుకే రెండు మూడు సొలినాయిడ్లు వరుసగా వేయాలి, చేతికందేలా గ్రౌండ్ వైరు తెంపే మీట ఉండాలి. ఛార్జింగులో బ్యాటరీలు హైడ్రోజన్ వదులుతాయి, కాబట్టి డిక్కీ తెరిచే ఛార్జ్ చేయాలి. బ్యాటరీ ఒక్కోటి పాతిక కిలోల పైమాటే. వాటి స్టాండును డిక్కీ రేకుకు కాదు, షాసీకే (కారు అడుగు చట్రానికే) వెల్డ్ చేయాలి. ఎగిరే కారుకు షాసీ మీద ఉక్కు ప్లేటు వేయకపోతే ముందు సస్పెన్షన్ దగ్గర పగుళ్లు మొదలవుతాయి. వెనక భాగం బాగా లేపి నడిపితే డ్రైవ్ షాఫ్ట్ కోణం మారి కీళ్లు అరుగుతాయి, కొన్నిసార్లు షాఫ్ట్ గేర్‌బాక్సులోంచి జారి బయటికొస్తుంది.

ఖర్చు తగ్గుతుందని స్ప్రింగులు మాత్రం కోసుకునేవాళ్లున్నారు. చేయకండి. సస్పెన్షన్‌కు ఆడే చోటు ఉండదు, చిన్న గుంతకే అడుగు తగులుతుంది, టైర్లు లోపలి అంచున అరుగుతాయి, పైగా స్పీడ్ బ్రేకర్ వస్తే లేపుకునే దారే లేదు.

కాలిఫోర్నియాలో ఆ ఎత్తు నిబంధననూ, ఊళ్లు పెట్టిన క్రూజింగ్ (వీధుల్లో నెమ్మదిగా కార్లు తిప్పడం) నిషేధాలనూ 2024 జనవరి 1 నుంచి ఎత్తేశారు. కాబట్టి అక్కడ ఇక పోలీసు కోసం కారు లేపనక్కర్లేదు. చిన్న 13 అంగుళాల వైర్ వీల్స్ మీద పూర్తిగా దించేసిన కారు ఇంటి ముందున్న వాలు ఎక్కాలంటే మాత్రం హైడ్రాలిక్స్ ఉండాల్సిందే.