బండి మాట: కెన్నెడీ కారు అసలుదేనా?

(అనంతపురం గుత్తి రోడ్డులో చాలా ఏళ్లు కార్ల షెడ్డు నడిపి, ఇప్పుడు కొడుక్కి అప్పగించిన పెద్దాయన ప్రతి పక్షం పాఠకుల ప్రశ్నలకు ఇచ్చే జవాబులు.)

ప్రశ్న: సార్, పోయినసారి మీరు "అమెరికాలో కెన్నెడీ కారు చూసినాను" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. దాని మీద మా ఇంట్లో రోజూ వాదన. ఒక అధ్యక్షుడు చచ్చిపోయిన కారును ఎవరైనా ఉంచుకుంటారా, ఎప్పుడో తుక్కుకి వేసుంటారు, అక్కడ పెట్టింది నకలు అంటాడు మా నాన్న. నేను అసలుదే అంటాను. మీరే తేల్చండి.
— డిగ్రీ విద్యార్థి, ప్రొద్దుటూరు

జవాబు: పందెం ఏమైనా కాసుంటే ముందు మీ నాన్నతో రాజీ చేసుకో నాయనా. కారు అసలుదే. కానీ ఆయన అనుమానం కూడా ఊరికే వచ్చింది కాదు.

డెట్రాయిట్ పక్కన డియర్‌బోర్న్ అని ఊరు. అక్కడ హెన్రీ ఫోర్డ్ మ్యూజియం ఉంది. మా కూతురి ఇంటి నుంచి గంట దారి. అల్లుడు నన్ను విమానాలు, రైలింజన్లు చూపిస్తూ తిప్పుతుంటే, నాకు మాత్రం ఆ కారు ఎప్పుడొస్తుందా అని ఆత్రం. చిన్నప్పుడు పేపర్లో చూసిన ఫోటో మనసులో ఉంది. టాపు లేని పొడుగు కారు, వెనక సీట్లో నవ్వుతూ మొగుడూ పెళ్లాం. తీరా అక్కడికి పోతే టాపున్న నల్ల కారు నిలబెట్టి ఉంది. "ఏమయ్యా, ఇది కాదు గదా" అన్నాను. అల్లుడు బోర్డు చదివి, "ఇదే మామయ్యా" అన్నాడు.

అది 1961 మోడల్ లింకన్ కాంటినెంటల్. ఫోర్డ్ కంపెనీ కారును తయారుచేస్తే, సిన్సినాటిలోని హెస్ అండ్ ఐసెన్‌హార్ట్ అనే బాడీ బిల్డింగ్ కంపెనీ దాన్ని నడిమికి కోసి మూడున్నర అడుగులు పొడుగు చేసింది. మన దగ్గర లారీ ఛాసిస్ కోసి అతికించడం నేను బోలెడు చూసినాను, చేయించినాను కూడా. అందుకే అతుకు ఎక్కడ పెట్టారో చూద్దామని కింద కూర్చుని తల వంచాను. తాడు ఇవతల నుంచేలే. అయినా గార్డు నన్నే చూస్తున్నాడు. అల్లుడికి సిగ్గేసి "మామయ్యా, లేవండి" అని చెయ్యి పట్టి లాగాడు. అతుకు కనబడలేదు. అంత పొడుగు బండిలో గీత కనబడకుండా పని చేసినోడికి దండం పెట్టాలి.

మొదట దాని రంగు నలుపు కాదు, ముదురు నీలం. వెనక సీటు బటన్ నొక్కితే పదిన్నర అంగుళాలు పైకి లేచేది, జనానికి అధ్యక్షుడు బాగా కనబడాలని. విప్పి పెట్టుకునే ప్లాస్టిక్ టాపు ఉండేది, అద్దంలా అవతలిది కనబడేది. అది వానకు, గాలికే. తూటాను ఆపేది కాదు. 1963 నవంబర్ 22న పొద్దున వాన పడి, తర్వాత తెరిపిచ్చింది. దాంతో డల్లాస్‌లో టాపు లేకుండానే బయలుదేరారు. తర్వాత జరిగింది మీకు తెలిసిందే, ఆ కారులో పోతుండగానే కెన్నెడీని కాల్చి చంపారు. కారును ఆ రాత్రే విమానంలో వాషింగ్టన్‌కు తీసుకుపోయారు.

ఇక్కడ మీ నాన్న మాట దగ్గరికి వస్తాను. మన సీమలో మనిషి పోయిన బండిని ఎవరు ఉంచుకుంటారు? నా షెడ్డుకి ఒకసారి ముద్దనూరు వైపు బోల్తా పడిన పెళ్లి అంబాసిడర్ వచ్చింది. ఒకాయన అందులోనే పోయాడు. ఓనరు దాన్ని చూడ్డానిక్కూడా రాలేదు, "అచ్చిరాని బండి, ఎంతకైనా అమ్మెయ్" అని ఫోన్‌లోనే చెప్పాడు. నాలుగు నెలలు మూల పడి ఉంది. నా దగ్గరి కుర్రోళ్లు సాయంత్రమైతే దాని పక్కకు పోయేవాళ్లు కాదు. చివరికి డెంటింగ్ చేసి, తెల్ల రంగు తీసి క్రీమ్ కలర్ కొట్టి, బళ్లారి పార్టీకి సగం రేటుకి ఇచ్చినాం. ఏం జరిగిందో ఆయనకు నేను చెప్పలేదు. ఆయనా అడగలేదు.

అమెరికా వాళ్లు చేసిందీ ఒక రకంగా అదే, ఎక్కడికీ అమ్మలేదు, అంతే తేడా. కొత్తది మొదట్నుంచి కట్టించే కంటే ఉన్నదాన్ని బాగు చేయిస్తే త్వరగా అవుతుందని, కారును మళ్లీ ఆ సిన్సినాటి షెడ్డుకే పంపారు. సీట్లు, లోపలి గుడ్డ అంతా మార్చారు. ఊడదీయడానికి వీల్లేని టాపు వేశారు, తూటా తట్టుకునే అద్దాలు పెట్టారు, వెనక భాగానికి కవచం తొడిగారు. గాలి పోయినా పరుగెత్తే టైర్లు వేశారు. బరువు పెరిగింది కాబట్టి ఇంకా బలమైన ఇంజిన్ ఎక్కించారు. మొదట మూడున్నర టన్నులున్న బండి దాదాపు నాలుగు టన్నుల నాలుగు వందల కేజీలైంది. అంటే పెరిగిన బరువే ఒక మారుతి 800 కంటే ఎక్కువ. అంత బరువు మీద పడ్డాక సస్పెన్షన్, బ్రేకులు ఏం పడుంటాయో మెకానిక్‌కే తెలుస్తుంది.

రంగు మార్చమన్నది కొత్త అధ్యక్షుడు జాన్సన్. ఆ నీలం రంగు చూస్తే అందరికీ ఆ రోజే గుర్తొస్తుందని నల్ల రంగు కొట్టించాడు. అది వినగానే నాకు మా క్రీమ్ కలర్ అంబాసిడర్ గుర్తొచ్చింది. ఒక నిమిషం నోట మాట రాలేదు. అల్లుడు కాళ్లు నొప్పులేమో అనుకున్నాడు.

1964లో కారు మళ్లీ డ్యూటీకి వచ్చింది. జాన్సన్ ఎక్కాడు, నిక్సన్ ఎక్కాడు, ఫోర్డ్ (కంపెనీ కాదు, ఆ పేరున్న అధ్యక్షుడు) ఎక్కాడు, కార్టర్ వచ్చేదాకా నడిచింది. నిక్సన్‌కి నిలబడి జనానికి చెయ్యి ఊపే అలవాటు, అందుకని టాపులో తెరుచుకునే మూత ఒకటి పెట్టించారు. టాపు వేసింది ఎందుకు, దానికి బొక్క పెట్టించింది ఎందుకు అని నన్నడగొద్దు. కారు ఎప్పుడూ ప్రభుత్వానిది కాదు, ఫోర్డ్ కంపెనీదే. ఏడాదికి 500 డాలర్ల బాడుగకు ఇచ్చింది. 1977లో వెనక్కి తీసుకుని, మరుసటి ఏడాది మ్యూజియంలో పెట్టారు.

కాబట్టి నాయనా, ఛాసిస్ అదే, పేరు అదే. ఫోటోలోని టాపు లేని నీలం కారు మాత్రం ఇప్పుడెక్కడా లేదు. ఆ రోజు పగిలిన ముందు అద్దాన్ని కూడా తీసి, సాక్ష్యంగా ప్రభుత్వ పాత రికార్డుల భవనంలో దాచారు. మీ నాన్నకు ఈ ముక్క కూడా చదివి వినిపించు.

ప్రశ్న: అయ్యా, అదే మ్యూజియంలో ఇంకా ఏ అధ్యక్షుల కార్లున్నాయి? మన రాష్ట్రపతికి కూడా అట్లాంటిది ఉందా?
— రిటైర్డ్ టీచర్, తాడిపత్రి

జవాబు: వరసగా పెట్టారు మేష్టారూ. థియోడర్ రూజ్‌వెల్ట్ గుర్రబ్బండి కూడా ఉంది. నాకు కెన్నెడీ కారు తర్వాత కాళ్లు ఆగింది 1972 మోడల్ లింకన్ కారు దగ్గర. 1981 మార్చి 30న రీగన్ మీద కాల్పులు జరిగినప్పుడు అదే కారు. తూటా నేరుగా ఆయనకు తగల్లేదు. కారు పక్కనున్న కవచానికి కొట్టుకుని, ఎగిరి ఆయన చంక కింద దూరింది. కాపాడాల్సిన రేకే తూటాను ఆయన వైపు తిప్పింది!

మన రాష్ట్రపతి కారు మెర్సిడెస్ పుల్‌మన్ గార్డ్. దానికంటే నాకు బగ్గీ కథ ఇష్టం. దేశం విడిపోయినప్పుడు వైస్రాయ్ బగ్గీ మనకా పాకిస్తాన్‌కా అని నాణెం ఎగరేస్తే మనకు పడిందని చెబుతారు. 1984 దాకా జనవరి 26కి దాన్ని వాడారు, మళ్లీ 2024లో ముర్ము గారు, ఫ్రాన్స్ అధ్యక్షుడు అందులో వచ్చారు. కెన్నెడీ కారు రిటైరైన 1977లోనే మన ఇల్లూరు సంజీవరెడ్డి గారు రాష్ట్రపతి అయ్యారు. ఈ రెండింటికీ సంబంధం లేదు. అనంతపురం వాణ్ని కదా, చెప్పకుండా ఉండలేను.

ప్రశ్న: తాతయ్యా, మా అబ్బాయి ఇప్పటి అమెరికా అధ్యక్షుడి 'బీస్ట్' కారు బొమ్మ కొనిమ్మని ఒకటే గొడవ. అది మన కడప రోడ్ల మీద తిరుగుతుందా అని మిమ్మల్ని అడగమన్నాడు.
— గృహిణి, కడప

జవాబు: ఆ మాట డబ్లిన్ వాళ్లను అడగమను తల్లీ. 2011లో ఒబామా ఐర్లాండ్ పోయినప్పుడు, ఆయన వెంట వచ్చిన అట్లాంటి కారొకటి వాళ్ల ఎంబసీ గేటు దగ్గర మిట్ట మీద బొడ్డు ఆని ఇరుక్కుపోయింది. జనం ముందే. అదృష్టం, ఆయన అందులో లేడు. కారణం చిన్నదే. ముందు చక్రానికీ వెనక చక్రానికీ దూరం ఎక్కువైతే, మధ్య భాగం మిట్టకు తగులుతుంది. పైగా బరువుకి బండి కిందికి దిగి ఉంటుంది. మా వీధిలో స్పీడ్ బ్రేకర్ వేసిన వారంలోనే రెండు కార్ల ఆయిల్ సంపులు పగిలి నా షెడ్డుకొచ్చాయి. అవి మామూలు కార్లు!

బొమ్మ కొనియ్యి. ఇంట్లో బండలు నున్నగా ఉంటాయి, తిరుగుతుంది.