పొద్దుతిరుగుడుకి హార్మోన్ కొడితే త్వరగా పూస్తుందా?

"మొక్క నిలువెత్తు పెరిగింది, మొగ్గ జాడే లేదు. జిబ్బరెల్లిన్ అనే హార్మోన్ స్ప్రే చేస్తే పూస్తుందా?" అని అడిగారు. స్ప్రే వద్దండీ. రాత్రిళ్లు ఆ మొక్క మీద ఏదైనా లైటు పడుతోందేమో ముందు చూడండి.

నేను ఏటా ఇంటి దగ్గర పొద్దుతిరుగుడు వేస్తాను. ఒకే ప్యాకెట్ విత్తనాలైనా, రాత్రంతా గుమ్మం లైటు పడే చోట ఉన్నవి మిగతావాటికంటే ఆలస్యంగా మొగ్గ తొడుగుతున్నాయి. అన్ని రకాలూ ఇలా ఉండవు, కొన్నిటికి పగటి పొడవుతో పనే లేదు. కానీ అందం కోసం పెంచే రకాల్లో చాలావాటికి రాత్రి పొడవుగా ఉంటేనే పూత త్వరగా వస్తుంది. అదీ మొలిచిన తొలి వారాల్లోనే చాలావరకు తేలిపోతుంది. పగలు పొడవుగా ఉండే రోజుల్లో విత్తితే అవి ముందు ఒళ్లు పెంచుకుంటాయి. మీదీ అలాంటి రకమే అయ్యుండొచ్చు.

ఇక జిబ్బరెల్లిన్ చేసే ముఖ్యమైన పని కాండాన్ని సాగదీయడం. ఇప్పటికే నిలువెత్తున్న మొక్కకి అదెందుకు? పైగా మొగ్గ దశలో పడితే పుప్పొడి దెబ్బతింటుంది. సంకర విత్తనాల కోసం మగ వంధ్యత్వం (అంటే పువ్వులో పనికొచ్చే పుప్పొడి లేకుండా చేయడం) తెప్పించడానికి పరిశోధకులు కావాలనే దీన్ని వాడేవారు. 1969లో ఫ్రాన్స్‌కు చెందిన లెక్లెర్క్ అనే పరిశోధకుడు, స్ప్రే లేకుండా పుట్టుకతోనే పుప్పొడి రాని మొక్కల గురించి ప్రచురించాక ఆ అవసరం తగ్గిపోయింది.

అసలు వెలుగు, హార్మోన్లు కలిసి చేసే పని చూడాలంటే పువ్వు విచ్చాక చూడాలి. మధ్యలో ఉండే వందల చిన్న పువ్వులు బయటి నుంచి లోపలికి, రోజుకో వలయం చొప్పున తెరుచుకుంటాయి. ఒక్కో దాంట్లో కేసరాల కాడలు రాత్రికి రాత్రే సాగుతాయి. చీకటి వాటికి అనుకూలం, వెలుగు అడ్డు. సాగదీసేది ఆక్సిన్ అనే ఇంకో హార్మోన్. ఆ తర్వాత కీలం (పువ్వు ఆడభాగంలోని కాడ) పెరుగుతూ పుప్పొడిని పైకి తోస్తుంది, దానికి ఊతం జిబ్బరెల్లిన్. మర్నాటికి గానీ కీలాగ్రం (ఆ కాడ కొస) రెండుగా చీలి పుప్పొడి అందుకోదు. అందుకే గింజ కోసం చేత్తో అద్దేటప్పుడు, పొద్దున్నే ఒక మొక్కలో ఆ రోజు విచ్చిన వలయం నుంచి పుప్పొడి తీసి, ఇంకో మొక్కలో నిన్న విచ్చిన వలయం మీద రాస్తాను. ఈ వరసని నడిపేది మొక్కలో పగలూ రాత్రీ లయని లెక్కపెట్టే లోపలి గడియారం. 2023లో వచ్చిన ఒక పరిశోధనలో, ఆగకుండా వెలుగులో ఉంచితే ఈ వలయాలు చెదిరిపోయాయి. ఆగకుండా చీకటిలో ఉంచితే మాత్రం నిలిచాయి! నాకైతే ఇది భలే నచ్చింది.

సూర్యుడి వెంట తిరగడమంటారా, అది లేత మొక్కల పని. పగలు కాండం తూర్పు వైపు ఎక్కువ సాగి మొక్క పడమటికి వంగుతుంది, రాత్రి పడమటి వైపు ఎక్కువ సాగి తిరిగి తూర్పుకి వస్తుంది. జిబ్బరెల్లిన్ సరిగా తయారు కాని పొట్టి మొక్కలు తిరగలేవు. పువ్వు పూర్తిగా విచ్చాక తూర్పుకే నిలిచిపోతుంది. పొద్దున్నే వేడెక్కుతుంది కాబట్టి తేనెటీగలు దాని దగ్గరికే ఎక్కువగా వస్తాయి.

ఇంతకీ మీరు వేసిన రకం పేరేంటి, ఎప్పుడు విత్తారు? అది చెబితే మొగ్గ కోసం ఇంకా ఆగాలో లేదో చెప్పొచ్చు. ఈలోగా రాత్రి లైటు ఆపండి, లేదా కుండీ అయితే చీకటి ఉండే చోటికి జరపండి.