చిన్న నగరానికి వెళ్తే నిజంగా డబ్బు మిగులుతుందా?

ప్రశ్న: నా వయసు 39. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కోతలన్నీ పోను నెలకు రూ.1,42,000 చేతికి వస్తుంది. నా భార్య ప్రైవేటు పాఠశాలలో టీచరు, జీతం రూ.34,000. మియాపూర్‌లో సొంత ఫ్లాటు ఉంది, దానిమీద రూ.38 లక్షల అప్పు మిగిలి ఉంది, నెల వాయిదా రూ.46,000. అమ్మాయి 8వ తరగతి, అబ్బాయి 3వ తరగతి. ఇద్దరి ఫీజులు నెలకు సగటున రూ.24,000, ఇంటి ఖర్చు రూ.55,000. మా అమ్మకు 67 ఏళ్లు, నాన్నకు 72, రాజమహేంద్రవరంలో ఉంటారు. నెలకు మూడు రోజులు ఆఫీసుకు వస్తే చాలని మా కంపెనీ అంటోంది కనుక అక్కడికే వెళ్లిపోదామనుకుంటున్నాను. నేను వాకబు చేసినంతలో అక్కడ ఇంటి అద్దె రూ.14,000, ఫీజులు రూ.13,500, ఇంటి ఖర్చు రూ.42,000. ఇక్కడి ఫ్లాటుకు రూ.24,000 అద్దె వస్తుంది. అంటే నెలకు రూ.33,500 కలిసొస్తుంది. లేదా ఫ్లాటు అమ్మేసి, అప్పు పోగా వచ్చే రూ.45 లక్షలతో అక్కడే స్థలం కొని ఇల్లు కట్టుకోవాలా? బ్యాంకు డిపాజిట్లు రూ.9 లక్షలు, మ్యూచువల్ ఫండ్లలో రూ.16 లక్షలు ఉన్నాయి. వాటిలోనే నెలనెలా రూ.25,000 సిప్‌గా వేస్తున్నాను.

జవాబు: మీరు వేసిన కూడికలో తప్పు లేదు. ఫీజుల్లో రూ.10,500, ఇంటి ఖర్చులో రూ.13,000, వచ్చే అద్దెకు కట్టే అద్దెకు మధ్య తేడా రూ.10,000 కలిపితే మీరన్నట్టే రూ.33,500 అవుతుంది. అయితే మీరు ఊరు మారితే మీ ఉద్యోగం మీ వెంట వస్తుంది గానీ మీ శ్రీమతి ఉద్యోగం రాదన్న సంగతి ఆ లెక్కలో ఎక్కడా లేదు. ఆమె జీతం రూ.34,000 తీసేస్తే మీరు చెప్పిన మిగులు అక్కడికక్కడే హరించుకుపోతుంది. ఆపైన నెలకోసారి హైదరాబాద్ వచ్చి మూడు రోజులు ఉండి వెళ్లడానికి, రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ రైల్లో వచ్చి వెళ్లినా, బసకూ భోజనానికీ కలిపి రూ.7,000 వేసుకోవాలి. ఇంటి నుంచి పని చేసేవారికి ఒక ఇంటర్నెట్ కనెక్షన్ ఆగితే మరొకటి ఉండాలి, ఇన్వర్టరు ఉండాలి. వాటికి మరో రూ.1,500. ఇప్పుడు మీకు హైదరాబాద్‌లో అన్నీ పోను రూ.51,000 మిగులుతుండగా, రాజమహేంద్రవరంలో మిగిలేది రూ.42,000. అంటే ఊరు మారడం వల్ల మీకు నెలకు రూ.9,000 తగ్గుతుందే తప్ప పెరగదు.

ఇది చదివి ప్రయాణం మానుకోమంటున్నానని అనుకోవద్దు. వృద్ధాప్యంలో ఉన్న తల్లిదండ్రులకు దగ్గరగా ఉండాలన్నా, రోజుకు రెండు గంటలు ట్రాఫిక్‌లో పోకుండా సాయంత్రం పిల్లలను గోదావరి గట్టుకు తీసుకెళ్లాలన్నా నెలకు రూ.9,000 పెద్ద వెల కాదు, ఆ వెలను మీ ఆదాయం సులువుగానే భరిస్తుంది. వెల ఉందని తెలిసి వెళ్లడం వేరు, లాభం ఉందనుకుని వెళ్లి ఆరు నెలల తరువాత ఇంట్లో ఒకరినొకరు నిష్ఠూరమాడుకోవడం వేరు.

2011 జనాభా లెక్కల్లో రాజమహేంద్రవరం జనాభా మూడున్నర లక్షలకు లోపే. అంతటి ఊళ్లో ఖర్చు తగ్గే చోట్లు కొన్నయితే పెరిగే చోట్లు కొన్ని. అద్దె, పనిమనిషి, పెట్రోలు, బయటి తిండి తగ్గుతాయి. ఫోన్లు, కంప్యూటర్లు, విమాన టికెట్లు, బీమా ప్రీమియాలు ఊరు చిన్నదని చవకగా దొరకవు. పెరిగేది బంధుత్వాల ఖర్చు. హైదరాబాద్‌లో శుభలేఖ వాట్సాప్‌లో వస్తే శుభాకాంక్షలు పంపి ఊరుకోవచ్చు. అదే ఊళ్లో దానవాయిపేటలో ఉంటూ మోరంపూడిలో జరిగే పెళ్లికి వెళ్లకపోతే మీ నాన్నగారు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. మాఘమాసంలోనూ శ్రావణంలోనూ చదివింపులకు, బట్టలకు ఎంతవుతుందో మీ అమ్మగారిని అడిగి, ఏడాది మొత్తాన్ని పన్నెండుతో భాగించి ఇంటి ఖర్చు కింద రాసిన రూ.42,000కు చేర్చండి. 2027లో గోదావరి పుష్కరాలున్నాయి. ఆ పన్నెండు రోజులూ మీ ఇల్లు ఎలా ఉంటుందో, 2015 పుష్కరాలను ఆ ఊళ్లో చూసిన ఏ గృహిణి అయినా చెప్పగలదు.

దీనికంటే బరువైనది మరొకటుంది. హైదరాబాద్ నుంచి వచ్చే జీతంతో చిన్న ఊళ్లో ఉంటున్నారని తెలిసిన ఏడాదిలోపే మీ దగ్గరికి మూడు రకాల మనుషులు వస్తారు. నూటికి రెండు రూపాయల వడ్డీ ఇస్తామని, ప్రామిసరీ నోటు రాస్తామని అడిగేవారు ఒకరు. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకులో అంతకంటే చాలా తక్కువకు అప్పు పుట్టని మనిషే మీ దగ్గరికి వచ్చాడని గుర్తుంచుకోవాలి, పైగా చెల్లింపు గానీ రాతపూర్వక ఒప్పుకోలు గానీ లేకుండా మూడేళ్లు గడిస్తే ఆ నోటు మీద దావా వేసే హక్కు పోతుంది. హామీ సంతకం అడిగేవారు రెండోవారు. ఊరి శివార్లలో వెంచరు వేశామని, ముందుగా కడితే గజం ధర తగ్గిస్తామని చెప్పేవారు మూడోవారు. నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో చిన్న ఊరికి మారి నష్టపోయినవారు ఇంటి ఖర్చుల వల్ల నష్టపోలేదు, మొహమాటం వల్ల నష్టపోయారు. చీటీ కట్టాలనుకుంటే 1982 నాటి చిట్‌ఫండ్ల చట్టం కింద రిజిస్టరైన సంస్థలోనే కట్టండి, అదీ ఇంటి అవసరానికి తగినంత మాత్రమే.

ఇక ఫ్లాటు సంగతి. దాన్ని ఇప్పుడే అమ్మవద్దు, అక్కడ స్థలమూ కొనవద్దు. కనీసం రెండేళ్లు అద్దె ఇంట్లో ఉండి చూడండి. మీ ఉద్యోగానికి మార్కెట్ హైదరాబాద్‌లో ఉంది. కంపెనీ మాట మారిస్తే తిరిగి వెళ్లడానికి మియాపూర్ ఫ్లాటు మీకు తలుపు తెరిచి ఉంచుతుంది, అమ్ముకుని వెళ్తే తిరిగి అదే ప్రాంతంలో కొనడం మీ జీతానికి కష్టం కావచ్చు. చిన్న నగరంలో మీ అభిరుచికి తగ్గట్టు కట్టుకున్న ఇంటిని అవసరం పడినప్పుడు అమ్మాలంటే కొనేవారు తక్కువగా ఉంటారు, ధర మీద నెలల తరబడి బేరాలు సాగుతాయి. రిజిస్ట్రేషన్‌కే స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, ఫీజు కలిపి ఆస్తి విలువలో సుమారు ఏడున్నర శాతం పోతుంది. రెండేళ్ల తరువాత కూడా అమ్మాలనే అనిపిస్తే పన్ను విషయంలో భయం అక్కరలేదు: అమ్మిన రెండేళ్లలోపు మరో ఇల్లు కొన్నా, మూడేళ్లలోపు కట్టుకున్నా మూలధన లాభంపై, అంటే అమ్మకంలో వచ్చిన లాభంపై, మినహాయింపు ఉంటుంది. ఒట్టి స్థలం కొని ఊరుకుంటే మాత్రం అది వర్తించదు, గడువులోగా దానిమీద ఇల్లు లేవాలి. రిటర్ను దాఖలు చేసే గడువునాటికి ఖర్చు కాని సొమ్మును బ్యాంకులో మూలధన లాభాల ఖాతాలో వేయాలి.

ఫ్లాటును అద్దెకిస్తే వచ్చే రూ.2,88,000 మీద పన్ను పడుతుందేమోనన్న సందేహం మీకు రావచ్చు. అందులోంచి ఇంటి పన్ను, ఆపైన 30 శాతం ప్రామాణిక తగ్గింపు పోతే సుమారు రూ.2 లక్షలు మిగులుతుంది. మీ అప్పు మీద ఏడాది వడ్డీ దాదాపు మూడు లక్షలుంటుంది కనుక కొత్త పన్ను విధానంలో కూడా అద్దె మీద పన్ను ఉండదు. మిగిలిపోయిన వడ్డీని జీతంలోంచి తగ్గించుకునే వీలు మాత్రం ఆ విధానంలో లేదు. అద్దెకున్నవారు ఖాళీ చేసి మరొకరు వచ్చేలోపు ఏడాదికి ఒక నెల అద్దె పోతుందనే లెక్క వేసుకోవాలి.

అత్యవసర నిధి విషయంలో హైదరాబాద్ సూత్రం అక్కడ పనికిరాదు. ఇక్కడ ఉద్యోగం పోతే మెట్రో ఎక్కి ఇంటర్వ్యూలకు వెళ్తారు, అందుకే ఆరు నెలల ఖర్చు చాలంటాం. అక్కడ మీ స్థాయి జీతమిచ్చే కంపెనీ ఊళ్లో దొరకడం కష్టం కాబట్టి ఏడాది ఖర్చు చేతిలో ఉండాలి. మీ నెల ఖర్చు వాయిదాతో సహా రూ.1,24,000, అందులో ఫ్లాటు అద్దె రూ.24,000 వస్తూనే ఉంటుంది. కాబట్టి నెలకు లక్ష చొప్పున రూ.12 లక్షలు కావాలి. మీ డిపాజిట్లు రూ.9 లక్షలు. సిప్ ఆపకుండానే, మిగిలే రూ.17,000ను రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే పద్దెనిమిది నెలల్లో ఆ మూడు లక్షలు సమకూరుతాయి. ఆ తరువాత అదే మొత్తాన్ని ఏడాదికోసారి గృహరుణం అసలులో జమ చేయండి. మారే వడ్డీ రుణమైతే ముందస్తు చెల్లింపుపై రుసుము వేయడానికి వీల్లేదు. ఇంటి నుంచి పని చేయవచ్చని మేనేజరు నోటిమాటగా అన్నారా, హెచ్ఆర్ విభాగం ఉత్తరం ఇచ్చిందా అన్నది మీరు రాయలేదు. పని చేసే చోటు, జీతంలో మార్పు లేదన్న హామీ రెండూ అందులో ఉండాలి. ఆ కాగితం చేతికి రాకముందు లారీ మాట్లాడవద్దు.

మీరు ఎప్పుడు మారాలన్నది మీ అమ్మాయి చదువు నిర్ణయిస్తుంది. ఊరితో పాటు రాష్ట్రం కూడా మారుతున్నారు. తెలంగాణలో వైద్య విద్య సీట్లకు 9వ తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా నాలుగేళ్లు వరుసగా ఆ రాష్ట్రంలో చదివితేనే స్థానికత వర్తిస్తుందన్న నిబంధన ఉంది, ఆంధ్రప్రదేశ్‌లోనూ చివరి నాలుగేళ్ల చదువే ప్రధానం. రెండు చోట్లా కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లలో, కనీసం 85 శాతం స్థానికులవి. ఆమె వచ్చే జూన్‌లో 9వ తరగతిలో అక్కడే చేరితే నాలుగేళ్లూ ఆంధ్రప్రదేశ్‌లో పూర్తవుతాయి. ఒక్క ఏడాది ఆలస్యం చేసి పదో తరగతిలో మారిస్తే రెండు రాష్ట్రాల్లోనూ స్థానికత చిక్కుల్లో పడుతుంది. కన్వీనర్ సీటు చేజారి యాజమాన్య కోటాకు వెళ్లాల్సి వస్తే అయ్యే ఖర్చు ముందు నేను పైన చెప్పిన లెక్కలన్నీ చిల్లర కిందే లెక్క. వెళ్తే వచ్చే జూన్‌లోనే వెళ్లండి, లేదా ఆమె ఇంటర్ అయ్యేదాకా ఆగండి.

తల్లిదండ్రుల వైద్యానికి రూ.3 లక్షలు మ్యూచువల్ ఫండ్లలోంచి తీసి, అవసరమైనప్పుడు వెంటనే తీసుకోగల లిక్విడ్ ఫండ్‌లో విడిగా ఉంచండి. రాజమహేంద్రవరంలోనూ పక్కనే రాజానగరంలోనూ మంచి వైద్యం దొరుకుతుంది, క్లిష్టమైన జబ్బయితే కాకినాడకో విశాఖపట్నానికో తీసుకెళ్లాలి. 70 దాటిన మీ నాన్నగారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి రూ.5 లక్షల వరకు వైద్యానికి ఆయుష్మాన్ వయ వందన కార్డు తీసుకోండి. మీ సొంత ఆరోగ్య బీమాలో చిరునామా మార్చేటప్పుడు ప్రీమియం తగ్గుతుందని సంతోషించకండి. కొన్ని పాలసీల్లో చిన్న నగరం జోన్‌కు మారినవారు హైదరాబాద్‌లో చికిత్స చేయించుకుంటే బిల్లులో కొంత వాటా సొంతంగా భరించాలి. కారు తెలంగాణ రిజిస్ట్రేషన్‌తో ఉంటే ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) తీసుకుని వెళ్లండి. ఏడాది దాటి అక్కడే ఉంచితే మళ్లీ రిజిస్టరు చేయించి, బండి వయసును బట్టి జీవిత పన్ను కట్టాలి.

చివరగా మీ శ్రీమతి గురించి. మీ ఉత్తరంలో ఆమె జీతం ఉంది గానీ ఆమె ఏమనుకుంటున్నారో లేదు. ఈ వేసవిలోపే అక్కడి పాఠశాలల్లో ఆమెను దరఖాస్తు చేసుకోమనండి, రూ.18,000 జీతమొచ్చినా మీ లెక్క నెలకు రూ.9,000 లోటు నుంచి రూ.9,000 మిగులుకు మారుతుంది. ఉద్యోగం దొరకడం ఆలస్యమైనా ఆమె పీఎఫ్ సొమ్ము తీయించవద్దు, అదే యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ సంఖ్య)తో కొత్త చోటికి బదిలీ చేయించండి. పెన్షన్ పథకంలో ఆమె సభ్యురాలై, సర్వీసు ఇంకా పదేళ్లు నిండకపోతే, ఆ డబ్బు వెనక్కి తీసుకునే బదులు స్కీమ్ సర్టిఫికెట్ తీసుకోవాలి. రేపు ఏ ఊళ్లో మళ్లీ పాఠాలు చెప్పినా ఇప్పటి ఏళ్లు ఆ పదేళ్ల లెక్కలో కలుస్తాయి.