స్వీడిష్‌లో ‘గిఫ్ట్’ అంటే విషమా, పెళ్లా?

ఇంగ్లిష్‌లో బహుమతి అయిన గిఫ్ట్ స్వీడన్, నార్వే, డెన్మార్క్‌లలో విషం ఎలా అయింది, పైగా ‘పెళ్లయింది’ అనే అర్థం ఎక్కణ్నుంచి వచ్చింది అని ప్రశ్న. పెళ్లే విషమని వాళ్లు ఎప్పుడో కనిపెట్టారన్న జోకు తిరుగుతూనే ఉంటుంది. దాంతో ఆగిపోతే అసలు రుచి పోతుంది.

మూడింటికీ మూలం ‘ఇవ్వడం’. పిల్లనిచ్చిన మామ, కన్యాదానం అనే మనకి పెళ్లి అర్థం విడమరచి చెప్పక్కర్లేదు. స్వీడన్ 1734 నాటి చట్టంలో మొదటి భాగమే పెళ్లి గురించి. అందులో ‘యిఫ్తోమన్’ (స్వీడిష్‌లో ‘గిఫ్ట్’ అని రాసి ‘యిఫ్ట్’ అని పలుకుతారు) అని ఒకడుంటాడు: పిల్లనిచ్చే అధికారం ఉన్నవాడు, మామూలుగా తండ్రి. మన కన్యాదాత లాంటివాడే, కాకపోతే అతని మాటకి చట్టబలం ఉంది. ఆ పదవి పోయింది, మాట మిగిలింది.

ఇంగ్లిష్‌ది ఇంకా చిత్రం. పాత ఇంగ్లిష్‌లోనూ ఈ మాట ఉంది, పలకడం ‘యిఫ్ట్’. అర్థం పెళ్లికూతురికి కట్టే వెల. బహువచనంలో వాడితే పెళ్లి. తర్వాత ఇంగ్లండ్‌లో స్థిరపడ్డ వైకింగుల (నార్డిక్ దేశాల, అంటే స్వీడన్, నార్వే, డెన్మార్క్ వైపు నుంచి వచ్చిన నావికుల) భాష ప్రభావంతో గట్టి ‘గ’, బహుమతి అర్థం నిలబడ్డాయి. ఆ ‘గ’ని ఇంగ్లిష్‌కిచ్చిన నార్డిక్ వాళ్లలో స్వీడన్, నార్వే జనం తర్వాత ‘ఇ’ ముందు ‘గ’ని ‘య’ చేసుకుని ఇప్పుడు యిఫ్ట్ అంటున్నారు! డేన్‌లు మాత్రం ‘గ’ వదల్లేదు.

విషం సంగతి వేరు, అది జర్మన్ నుంచి వచ్చింది. మనం డోసు అంటామే, ఆ గ్రీకు మాటకి అర్థం ‘ఇచ్చేది’. దాన్ని జర్మన్‌లో గిఫ్ట్ అని దించుకున్నారు. విషమని నోరారా అనలేక, ‘ఇచ్చింది’ అని దాటేసే మాట అయింది. ‘పురుగుల మందు తాగాడు’ అనడానికి బదులు మన ఊళ్లలో ‘మందు తాగాడు’ అని గొంతు తగ్గించి అంటారు చూడండి, అచ్చం అదే దారి. జర్మన్‌లో కట్నానికి ఇప్పటికీ ‘మిట్‌గిఫ్ట్’ అనే అంటారు, అందులో పాత అర్థం భద్రంగా ఉంది.

ఈ విషం అర్థం అరువుదే అనడానికి నాకు కనిపించే గట్టి ఆధారం ఐస్‌లాండిక్. అక్కడ పెళ్లయిన ఆడమనిషి ‘గిఫ్ట్’, మగవాడు ‘గిఫ్తుర్’. విషం మాత్రం ‘ఎయ్‌తుర్’. అసలు నార్డిక్ మాట అదే. డేనిష్‌లో సాలెపురుగు ‘ఎడర్‌కోప్’. ఆ ఎడర్ కూడా విషమే.

ఇక అక్కడ చదువుకో ఉద్యోగానికో వెళ్లినవాళ్లు జాగ్రత్తపడాల్సింది. స్వీడిష్ ఫారంలో వైవాహిక స్థితి దగ్గర ‘ఊయిఫ్ట్’ అంటే పెళ్లికానివారు. సీసా మీద ‘ఊయిఫ్తిగ్’ అంటే విషం కానిది. చివర రెండక్షరాలే తేడా. పెళ్లయిన ఇద్దరి గురించి చెబితే ‘యిఫ్త’ అనాలి. ఈ భాషల్లో ప్రతి నామవాచకం ముందూ ‘ఒక’ అనడానికి ‘ఎన్’ గానీ ‘ఎత్’ గానీ వస్తుంది; విషం స్వీడిష్‌లో ‘ఎత్’ మాట, డేనిష్‌లో ‘ఎన్’ మాట. ఒకటి నేర్చి రెండోదానిలో వాడితే తప్పే. బహుమతికి స్వీడిష్‌లో ‘గోవ’ లేదా ‘ప్రెసెంట్’ అనండి.

ఒంటరి మాటని అనువాద యాప్‌లో వేసి నమ్మేవాళ్లకి తగిలే గట్టి దెబ్బ ‘యిఫ్తోరెత్’ దగ్గర. ఇంగ్లిష్ అలవాటుతో ముక్కలు చేసి చూస్తే బహుమతి హక్కులా కనిపిస్తుంది. నిజానికది భార్యాభర్తలకి ఒకరి ఆస్తి మీద ఒకరికుండే హక్కు. విడిపోతే ఎవరి అప్పులు వారి వాటాలోంచి తీసేసి, మిగిలింది కలిపి సగం సగం పంచుతారు. వద్దనుకుంటే ముందే రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుని పన్నుల శాఖలో నమోదు చేయించాలి. నమోదు కాని కాగితం చెల్లదు.