యానిమేను మనుషులతో తీయాలనుకునే రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో జతచేసిన స్క్రీన్‌ప్లే పేజీలూ శ్రద్ధగా చదివాను. అంతరిక్షంలో నేరస్థులను పట్టి బతికే జట్టు కథ చెప్పే జపాన్ యానిమే (గీసిన బొమ్మల సిరీస్) ‘కౌబాయ్ బీబాప్’ అయిదో ఎపిసోడ్‌లోని చర్చి ఘట్టాన్ని నటీనటులతో తీయడానికి వీలుగా, ఎవరూ అడగకపోయినా, అభ్యాసం కోసం రాసుకున్నావు. సులువైనదాన్ని ఎంచుకోకపోవడం నాకు నచ్చింది. యానిమేలో ఒళ్ళు జలదరింపజేసిన సన్నివేశాన్ని షాటు పోకుండా, మాట పోకుండా దించినా కాగితం మీదే ఎందుకు చప్పబడిపోతోందని అడిగావు. డబ్బుకూ సాంకేతికతకూ కొదవలేని పెద్ద నిర్మాణ సంస్థలు సైతం తడబడింది సరిగ్గా ఈ ప్రశ్న దగ్గరే కాబట్టి, దీనికి కాస్త వివరంగానే జవాబు రాస్తున్నాను.

గీసిన బొమ్మలో కనిపించే ప్రతిదీ ఎవరో ఒకరు కావాలని పెట్టినదే. గోడకు పెచ్చు ఊడి ఉంటే ఆ పెచ్చును ఎవరో కూర్చుని గీశారు. గీయకపోతే అది లేదు. కెమెరా ముందు మనిషిని నిలబెడితే ఆ వెసులుబాటు పోతుంది. చొక్కా ముడతలు, మెడ మీది తడి, అడుగు నేలను తాకినప్పటి బరువు, మాటకూ మాటకూ మధ్య ఊపిరి, ఇవన్నీ అడగకుండానే వచ్చి ఫ్రేములో కూర్చుంటాయి. యానిమే కొద్దిగా చూపించి చాలా వదిలేస్తుంది; ఆ వదిలిన జాగాను చూసేవాళ్ళు తమ ఊహతో నింపుకుంటారు. నటీనటులతో తీసే లైవ్ యాక్షన్‌లో ఆ జాగాను కెమెరా ముందే నింపేస్తుంది. అందువల్ల మూలంలో ఏముందో రాసుకునే ముందు, ఏది లేదో, ఆ లేకపోవడం మన మీద ఏం పని చేసిందో రాసుకోవాలి. నీ పేజీల్లో నాకు కనిపించని కసరత్తు ఇదే.

ఈ వదిలేయడం మొదట పొదుపు కోసం పుట్టింది. 1963 జనవరి 1న ఒసాము తెజుకా ‘ఆస్ట్రో బాయ్’ జపాన్ టెలివిజన్‌లో మొదలైనప్పుడు, వారం వారం అరగంట కథ ఇవ్వాలంటే బొమ్మల సంఖ్య తగ్గించక తప్పలేదు. సెకనుకు 24 ఫ్రేములు నడిచే చోట ఒక్కో బొమ్మను మూడేసి ఫ్రేములు నిలిపితే 8 బొమ్మలతో పని గడుస్తుంది. ముఖం కదలకుండా పెదవులు మాత్రం ఆడతాయి, మనిషి నిలబడే ఉంటే వెనక దృశ్యం జరిగిపోతుంది. ఆ తరువాత వచ్చిన దర్శకులు ఈ పొదుపునే అందంగా మలుచుకున్నారు. ఒసాము దెజాకి ఉద్వేగం పతాకానికి చేరిన క్షణాన కదలికను ఆపేసి, ఆ చట్రాన్ని చేత్తో వేసిన వర్ణచిత్రంగా మార్చి నిలిపేవారు. కదలనితనం అక్కడ ఒక భాష అయింది. అదే చోట నటుణ్ణి కదలకుండా నిలబెట్టి చూడు. మనకు భావం కనిపించదు, కదలకుండా ఉండడానికి ఆయన పడుతున్న ప్రయాస కనిపిస్తుంది.

పేరు రాస్తే ఆ మనిషి చనిపోయే నోట్‌బుక్ లైట్ అనే కుర్రవాడికి దొరికిన కథ ‘డెత్ నోట్’. అందులో ఒక చిన్న ఘట్టం ఉంది, నువ్వూ చూసే ఉంటావు. తన గదిలో రహస్య కెమెరాలు ఉన్నాయని తెలిసిన లైట్ చిప్స్ పొట్లంలో బుల్లి టీవీ దాచి, కుడి చేత్తో లెక్కలు చేస్తూ, ఎడమ చేత్తో ఆ పొట్లం మాటున నోట్‌బుక్ ముక్క మీద నేరస్థుల పేర్లు రాస్తాడు. 2006లో వచ్చిన యానిమేలో ఒక చిప్ తీసి నోట్లో వేసుకోవడం కూడా మహా యుద్ధంలో వేసిన ఎత్తులా ఉంటుంది: రంగు మారుతుంది, సంగీతం లేస్తుంది, చెయ్యి గాలిని కోస్తుంది, మనసులోని మాట గదంతా మోగుతుంది. ఆ వేగంతోనే ఒక కుర్రవాడు కెమెరా ముందు చిప్స్ తింటే హాలు నవ్వుతుంది. నటుడి లోపం కాదది. బొమ్మకు బరువు లేదు కనుక అతిశయోక్తిని మోయగలిగింది. మనిషి దేహానికి బరువుంది.

మన పద్యనాటకం చూసినవారికి ఇది తెలిసిన సంగతే. రాయబారంలో కృష్ణుడు పద్యం ఎత్తుకుని రాగం తీస్తున్నంతసేపూ కౌరవ సభ కదలకుండా వింటుంది, ప్రేక్షకులు వన్స్‌మోర్ అంటే ఘట్టం మళ్ళీ వెనక్కి వెళ్తుంది, ఎవరికీ అది అసహజంగా తోచదు. ఆ పద్యమే సినిమాకు వచ్చేసరికి రాగం కురచబడింది, రంగస్థలం మీద చెయ్యి చాచి చూపిన భావం క్లోజప్‌లో కంటికి చేరింది. యుద్ధం మధ్యలో కాలాన్ని ఆపి పాత్ర తన మనసు విప్పే యానిమే పద్ధతికీ ఇలాంటి మార్పిడే కావాలి. ఆ స్వగతం ఏ నిర్ణయాన్ని మోస్తోందో తేల్చుకో; ఆ నిర్ణయం ఒక పని ద్వారా బయటపడేలా చెయ్యి. వాయిస్ ఓవర్‌లో మొత్తం చదివించడం తేలిక, అందుకే అది అందరికీ ముందు తోస్తుంది.

ఇక బీబాప్ దగ్గరికి వస్తాను. షినిచిరో వతనబె దర్శకత్వంలో 1998లో మొదలైన ఆ 26 ఎపిసోడ్లలో, కథానాయకుడు స్పైక్‌కు ఒకప్పటి మిత్రుడూ ఇప్పటి శత్రువూ అయిన విషస్ కనిపించేది అయిదింటిలో మాత్రమే. స్పైక్ ప్రేమించిన జూలియా ఎక్కువగా గతపు తునకల్లోనే కనిపిస్తుంది. గతంలో స్పైక్‌కూ వాళ్ళిద్దరికీ మధ్య ఏం జరిగిందో పూర్తిగా ఎవరూ చెప్పరు. చర్చి ఘట్టంలో విషస్ స్పైక్ ముఖం పట్టుకుని రంగు అద్దాల కిటికీలోంచి బయటికి విసిరేస్తాడు. స్పైక్ పడిపోతుండగా పైనుంచి బృందగానం దిగుతుంది, గతం ముక్కలు ముక్కలుగా, మాట లేకుండా మెరుస్తుంది. గాయాలతో పడివున్న అతని దగ్గర ఒక స్త్రీ కూనిరాగం తీస్తూ ఉంటుంది. వెంటనే వర్తమానంలో, ఒళ్ళంతా కట్లతో నౌకలో పడుకుని ఉన్న స్పైక్ కళ్ళు తెరిస్తే పక్కన సహచరి ఫే కూనిరాగం తీస్తోంది. దగ్గరికి రమ్మని వేలితో సైగ చేసి, నీ శ్రుతి తప్పుతోందని అంటాడు. ఆమె దిండు విసిరికొడుతుంది. అతను ఎవరిని పోగొట్టుకున్నాడో, ఆ గొంతును ఇంకా ఎలా పోల్చుకుంటున్నాడో ఆ ఒక్క మాటలో తెలిసిపోతుంది. జూలియా గురించి అక్కడ ఒక్క వివరణ లేదు, అవసరమూ లేదు.

2021 నవంబరు 19న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన లైవ్ యాక్షన్ ఆ ఖాళీలను వరుసగా పూడ్చుకుంటూ పోయింది. పది ఎపిసోడ్లు, ఒక్కొక్కటీ యానిమే ఎపిసోడ్‌కు ఇంచుమించు రెండింతలు. అంత నిడివిని ఏదో ఒకదానితో నింపాలి కాబట్టి విషస్, జూలియాల సంసారం, సిండికేట్ అనే నేర ముఠా రాజకీయం తెరమీదికి వచ్చాయి; ముగింపుకు ముందరి ఎపిసోడ్ మొత్తం గతం చెప్పడానికే కేటాయించారు. నీడగా ఉన్నంతకాలం భయపెట్టిన విషస్ ఇక్కడ ఇంట్లో చిరాకుపడే మామూలు మనిషి అయ్యాడు. స్పైక్‌గా వేసిన జాన్ చో మంచి నటుడు, సంగీతం మళ్ళీ యోకో కన్నోదే, సెట్లూ దుస్తులూ మూలాన్ని ఎంతో ప్రేమగా అనుసరించాయి. అయినా విడుదలైన మూడు వారాలకే, డిసెంబరు 9న, దాన్ని ఆపేస్తున్నట్టు వార్త వచ్చింది. తొలి సన్నివేశం దాటి తాను చూడలేకపోయానని వతనబె ఆ తరువాత ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. ఆ సిరీస్ తీసినవారికి మూలం మీద ప్రేమ లేదని నేను అనను. ప్రేమించినదాన్ని పదిమందికీ విడమరిచి చెప్పాలనే ఆత్రమే వారిని దారి తప్పించిందని నా నమ్మకం.

నీ పేజీల్లోనూ ఆ ఆత్రమే ఉంది. చర్చిలో స్పైక్, విషస్ ఎదురుపడగానే నువ్వు వాళ్ళచేత పాత స్నేహం గురించి, ద్రోహం గురించి పేజీలకొద్దీ మాట్లాడించావు. మాటలు బాగున్నాయి, అందుకే నువ్వు వాటిని వదులుకోలేకపోయావు. కానీ ఒకరి కత్తీ ఒకరి తుపాకీ ఎదురెదురుగా నిలిచి ఉన్న క్షణంలో ఇద్దరు మనుషులు అంతసేపు మాట్లాడుకుంటే, వాళ్ళు ఒకరినొకరు చంపబోరని మనకు అర్థమైపోతుంది. ఆ మాటలన్నీ తీసేసి, విషస్ గొంతు వినగానే స్పైక్ ఒక్క క్షణం తుపాకి ఎత్తడం ఆలస్యం చేసినట్టు రాసి చూడు. గీసిన బొమ్మలో అంత సూక్ష్మమైన తటపటాయింపు చూపించడం కష్టం. మంచి నటుడికి అది అరక్షణం పని. బొమ్మకు సాధ్యమై మనిషికి కానిది ఎంత ఉందో, మనిషికి సాధ్యమై బొమ్మకు కానిది అంతే ఉందన్నది లైవ్ యాక్షన్ రాయడానికి పూనుకున్నవాళ్ళు చాలామంది మరిచిపోతారు.

లూఫీ అనే కుర్ర సముద్రపు దొంగ కథగా 2023 ఆగస్టు 31న నెట్‌ఫ్లిక్స్‌లోనే వచ్చిన లైవ్ యాక్షన్ ‘వన్ పీస్’ను ఈ దృష్టితో మళ్ళీ చూడు. యానిమేలో నలభైకి పైగా ఎపిసోడ్లు పట్టిన కథను ఎనిమిదింటిలోకి దించారు. మూలకర్త ఎయిచిరో ఒదా నిర్మాణంలో భాగస్వామి. తనకు తృప్తి కలిగేదాకా సిరీస్‌ను విడుదల చేయబోమని సంస్థ ఒప్పుకుందని అభిమానులకు రాసిన లేఖలో ఆయనే చెప్పారు. అంతటి అధికారం మూలకర్త చేతిలో ఉన్నా, కథలో మార్పులు తక్కువేమీ లేవు. మూలమైన మాంగాలో, అంటే జపాన్ బొమ్మల కథల పుస్తకంలో, బరాటీ ఓడ మీది కథకంతా ప్రధాన శత్రువైన డాన్ క్రీగ్ ఇక్కడ కొద్ది నిమిషాల్లో ముగిసిపోతాడు. అతని చోటికి మరో దొంగల ముఠా నాయకుడు ఆర్లాంగ్ వస్తాడు, తరువాతి కథకు బిగువు అక్కడే మొదలవుతుంది. చాలా ఆలస్యంగా తెలియాల్సిన, నావికాదళ అధికారి గార్ప్ లూఫీకి తాత అన్న సంగతి తొలి సీజన్‌లోనే వెన్నెముక అయింది. మాంగాలో అధ్యాయాల ముఖచిత్రాల మీద చిన్న కథగా సాగిన, నావికాదళంలో చేరిన కోబీ, హెల్మెప్పోల శిక్షణను కథ మధ్యకు తెచ్చారు. లూఫీ జట్టులోని ఉసోప్ పొడవాటి ముక్కునూ, సాంజీ సుడి తిరిగిన కనుబొమ్మనూ వదిలేశారు, ఎందుకంటే మనిషి ముఖం మీద అవి మేకప్‌గానే కనిపిస్తాయి. రబ్బరు చేతులు సాగడం మాత్రం ఉంచారు, అది లేకపోతే లూఫీయే లేడు.

ఇన్ని మార్చినవారు ఒక్క సన్నివేశాన్ని మాత్రం దాదాపు అలాగే ఉంచారు. తనను ఏళ్ళ తరబడి వాడుకున్న ఆర్లాంగ్ చివరికి మోసం చేశాడని తెలిసి, లూఫీ సహచరి నామి నేలమీద కూలబడి, భుజం మీది ఆ ముఠా పచ్చబొట్టును కత్తితో మళ్ళీ మళ్ళీ పొడుచుకుంటుంది. లూఫీ ఆమె చెయ్యి పట్టుకుని ఆపుతాడు. అన్నాళ్ళూ ఎవరినీ ఏమీ అడగని ఆ పిల్ల సాయం చెయ్యమని అడుగుతుంది. అతను తన గడ్డి టోపీ తీసి ఆమె తల మీద పెడతాడు. ఎవరినీ ముట్టుకోనివ్వని టోపీ అది. ఇందులో గమనించాల్సింది, ఈ సన్నివేశానికి గ్రాఫిక్స్ అక్కర్లేదు, వింత రంగుల జుట్టు అక్కర్లేదు, కాలం ఆగిపోనవసరం లేదు. ఒక వస్తువు ఒకరి తల మీదినుంచి మరొకరి తల మీదికి వెళ్ళింది, అంతే. ఆ పని బొమ్మలోనూ దేహంలోనూ ఒకే అర్థం ఇస్తుంది కనుక రచయితలు దాన్ని ముట్టుకోలేదు. ఏది మార్చాలో, ఏది మార్చకూడదో తేల్చుకోవడానికి నాకు ఇంతకన్నా మంచి గీటురాయి దొరకలేదు.

పోరాటాల విషయం క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అక్కడ రచయిత చేయగలిగింది కొంతే. 2012 నుంచి 2021 వరకు కెయిషి ఓతోమో తీసిన ‘రురోనీ కెన్‌షిన్’ అయిదు చిత్రాలు చూడు. పోరాటాలు కూర్చిన కెంజి తానిగాకి హాంకాంగ్ యాక్షన్ సినిమాలో పనిచేసినవారు. కథానాయకుడిగా వేసిన తకెరు సతో ఒళ్ళు నేలకు వాలేంతగా వంచి పరుగెత్తుతూ చేసే కత్తిపోరు, యానిమేలోని మెరుపు గీతలకు బదులుగా నిలుస్తుంది. దెబ్బ పేరు గట్టిగా అరిచి కొట్టే పద్ధతిని ఆ చిత్రాలు చాలావరకు పక్కన పెట్టాయి, ఎవరికీ అది లోటుగా అనిపించలేదు. అలాగే 2006 నాటి జపాన్ ‘డెత్ నోట్’ రెండు చిత్రాలు మూలంలోని చివరి భాగాన్ని వదిలి, లైట్‌ను వెంటాడే డిటెక్టివ్ ఎల్ తన పేరును తానే నోట్‌బుక్‌లో రాసుకుని లైట్‌ను ఓడించేలా ముగించాయి. రెండు సినిమాల నిడివికి కథ ఎక్కడ ఆగాలో వారు ఆలోచించారు. విధేయత అంటే క్రమం తప్పకపోవడం అనుకునేవాళ్ళకు ఆ ముగింపు నచ్చకపోవచ్చు. నాకు అది మూలం కంటే బిగువుగా తోస్తుంది.

‘డ్రాగన్‌బాల్ ఎవల్యూషన్’ గురించి కూడా అడిగావు. మాంగా ఆధారంగా 2009లో వచ్చిన ఆ హాలీవుడ్ చిత్రానికి రాసిన బెన్ రామ్సీ 2016లో అభిమానులను బహిరంగంగా క్షమాపణ కోరారు. తాను అభిమానిగా కాక, పెద్ద పారితోషికం కోసం ఆ పనిలోకి దిగానని ఒప్పుకున్నారు. ఆ క్షమాపణను గౌరవించాలి. నువ్వు అలాంటి చోటికి వెళ్ళనక్కర్లేదు, ఎందుకంటే నీకు ఇష్టమైన కథలే ఇంకా బోలెడు ఉన్నాయి. అయితే ఇష్టం ఉన్నంత మాత్రాన పని అయిపోదని బీబాప్ చూపించింది కాబట్టి, ఇష్టపడ్డ సన్నివేశాన్ని కాగితం మీద విప్పి, దాని కీళ్ళు ఎక్కడున్నాయో చూసే ఓపిక అలవరచుకో.

చివరిగా ఒక ఆచరణ సంగతి. ఈ పేజీలు అభ్యాసంగా రాసుకోవడంలో తప్పేమీ లేదు, కానీ వీటిని ఏ నిర్మాతకూ చూపించకు. మాంగా హక్కులు మూలకర్త, ప్రచురణకర్తల చేతుల్లో ఉంటాయి. యానిమే విషయంలో చాలాసార్లు అనేక సంస్థలు కలిసిన నిర్మాణ కమిటీ ఉంటుంది, అందులో ఎవరి అనుమతి లేకపోయినా పని ముందుకు సాగదు. నిర్మాత దగ్గరికి నీ సొంత కథతోనే వెళ్ళు. ఈలోగా చర్చి ఘట్టాన్ని మళ్ళీ రాయి. ఈసారి సంభాషణలు లేకుండా, మూడు పేజీలు దాటకుండా, కూనిరాగమూ దిండూ తప్పకుండా ఉంచి రాసి పంపు. చదివి, మార్జిన్లలో నా అభిప్రాయం రాసి తిప్పి పంపుతాను.

ఆశీస్సులతో.