ఓడ పేరును ఆఖరున నమ్ము

చిరంజీవికి ఆశీస్సులు.

ప్రయాణికుల ఓడల్లో వాడిన టోకెన్లు పోగుచేస్తానని రాశావు, మంచిదే. ఒక్కటి ముందే మనసులో పెట్టుకో. బిళ్ళ మీద పెద్ద ఓడ పేరు కనబడగానే డబ్బు తీయకు. లోహం, కంపెనీ పేరు, ఏ పనికి వాడారన్నది తేలాకే పేరు సంగతి. పేరు చెక్కడం ఎవరికైనా చేతనవుతుంది, మిగతావి అన్నీ కలిసొచ్చేలా చేయడమే కష్టం.

నీకు కావలసిన పనిముట్లు తక్కువే: 0.01 గ్రాము దాకా చూపే చిన్న తూకం, వ్యాసం, మందం కొలిచే కాలిపర్స్, పదింతలు పెద్దగా చూపే భూతద్దం, ఓ అయస్కాంతం. ఇత్తడి రంగు బిళ్ళ అయస్కాంతానికి అతుక్కుంటే అది పూత వేసిన ఉక్కు.

లోహం తేల్చడానికి సాంద్రత చూడు. ముందు బిళ్ళను పొడిగా తూచు. తర్వాత తూకం మీద నీళ్ళ గ్లాసు పెట్టి అంకెను సున్నా చెయ్యి. బిళ్ళకు సన్నని దారం కట్టి అడుగుకూ పక్కలకూ తగలకుండా నీళ్ళలో ముంచు. పొడి బరువును ఇప్పుడు కనిపించే అంకెతో భాగించు. 6.80 గ్రాముల బిళ్ళకు 0.80 వస్తే 8.5, అంటే ఇత్తడి. 2.7 దగ్గర వస్తే అల్యూమినియం, 7.1 దగ్గరైతే జింకు, 8.9 దగ్గరైతే రాగి-నికెల్ మిశ్రమం కావచ్చు. బిళ్ళకు గాలి బుడగలు అంటితే ఫలితం తక్కువ చూపిస్తుంది. నీళ్ళలో ఒక్క చుక్క గిన్నెల సబ్బు వేస్తే ఆ బాధ తగ్గుతుంది.

లోహం తేదీ కూడా చెబుతుంది. 1886లో విద్యుత్తుతో తీసే పద్ధతి వచ్చాకే అల్యూమినియం చవకైంది. కాబట్టి 1870ల నాటి బార్ టోకెనంటూ ఎవరైనా తేలికపాటి తెల్ల బిళ్ళ చూపిస్తే నవ్వి ఊరుకో. బేకలైట్ అనే తొలినాటి ప్లాస్టిక్ 1907కు ముందు లేదు.

కంపెనీ పేరు ఇంకా గట్టి సాక్ష్యం. కునార్డ్, వైట్ స్టార్ అనే బ్రిటిష్ ఓడల కంపెనీలు 1934లో కలిశాయి, రెండు పేర్లూ ఒకే బిళ్ళ మీద ఉంటే అంతకుముందుది కాదు. పీ అండ్ ఓ-ఓరియంట్ లైన్స్ అన్న మరో జంట కంపెనీ పేరు 1960 నుంచి 1966 దాకా నడిచింది. ఫ్రాన్స్ అనే ఓడ నార్వేగా మారి 1980లో తిరిగి ప్రయాణాలు మొదలుపెట్టింది, నార్వే పేరున్న స్లాట్ టోకెన్‌ను, అంటే జూదపు యంత్రంలో వేసే బిళ్ళను, అంతకు వెనక్కి జరపలేవు. మారటేనియా పేరుతో రెండు ఓడలున్నాయి, 1907లో ఒకటి, 1939లో ఒకటి. పేరు చూసి మొదటిదానికి కట్టేయడం అందరూ చేసే పొరపాటే. బ్రిటిష్ బిళ్ళ మీద షిల్లింగు, పాత పెన్నీల విలువ ఉంటే అది 1971 ఫిబ్రవరి 15కు ముందుదన్నమాట.

టైటానిక్ పేరుందా? ఆ ఓడ 1912 ఏప్రిల్ 10న బయలుదేరి 15న మునిగింది. అయిదారు రోజులు నడిచిన ఓడ టోకెన్లు అమ్మకానికి వరసగా ఎలా వస్తాయో నువ్వే ఆలోచించు.

ఇక పని సంగతి. నాణెం సైజు, ఎత్తైన చుట్టు అంచు, పక్కన గాట్లు ఉంటే స్లాట్ మెషీన్‌దేమో చూడు. పైన రంధ్రం, విడిగా గుద్దిన సంఖ్య ఉంటే సామాన్ల గదికో సిబ్బందికో ఇచ్చినది అయ్యుండవచ్చు. ఆ రంధ్రం అక్షరాన్ని తినేసిందా? అయితే తర్వాత ఎవరో వేసినది. అక్షరాల అంచులు మెత్తగా, అక్షరాల చుట్టూ ఉన్న ఖాళీ జాగా అంతా చిన్న గుంటలుగా, పక్కన సన్నని అతుకు గీత కనిపిస్తే పోత పోసిన నకిలీ. అసలు వాటిలో ఎక్కువ అచ్చు గుద్దినవే.

కాగితాలకు వెళ్ళేటప్పుడు "ఈ టోకెన్ తెలుసా" అని అడిగితే ఎవరూ జవాబివ్వలేరు. 1764 నుంచి వస్తున్న లాయిడ్స్ రిజిస్టర్ అనే ఓడల జాబితా పుస్తకంలో ఆ ఓడ యజమాని ఏ ఏడు ఎవరో చూసి, తర్వాత ఆ కంపెనీ పాత కాగితాలు దాచిన భాండాగారానికి రాయి. కునార్డ్ కాగితాలు లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. డెక్ ప్లాను (ఓడ అంతస్తుల పటం), ప్రయాణికుల సూచనల పుస్తకం, ఓడలో డబ్బు వ్యవహారాలు చూసే పర్సర్ లెక్కలు ఫలానా సంవత్సరాలవి కావాలని అడుగు. ప్లానులో లాండ్రీయే లేకపోతే లాండ్రీ టోకెన్ కథ అక్కడితో ముగిసింది.

రుద్ది మెరిపించకు, ధరా పోతుంది, గుర్తులూ పోతాయి. పీవీసీ అనే మెత్తని ప్లాస్టిక్ కవర్లు ఆకుపచ్చ జిగురు వదులుతాయి, పాలిస్టర్ కవర్లు కొను. ఆ జిగురు లోహం మీదైతే అసిటోన్ అనే ద్రావకంలో కరుగుతుంది, మంటకు దూరంగా చెయ్యి. సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ బిళ్ళకు మాత్రం అసిటోన్ చుక్క కూడా తగలనీయకు, బిళ్ళే కరిగిపోతుంది. పైగా పాతబడిన సెల్యులాయిడ్ ఆమ్ల ఆవిరి వదిలి పక్కనున్న ఇత్తడిని తినేస్తుంది, కనుక దాన్ని గాలి ఆడే కాగితపు కవరులో వేరే పెట్టెలో ఉంచు.

ప్రతి బిళ్ళకూ ఒక కార్డు రాయి: వ్యాసం, మందం, బరువు, అంచు, రెండు ముఖాలూ ఒకే దిక్కున నిలుస్తాయా తలకిందులా, కొన్న తేదీ. అమ్మినవాడు చెప్పిన కథను వేరే గడిలో, వాడి మాటల్లోనే రాయి. నువ్వు తేల్చింది దానితో కలపకు.

ఈసారి కొనేముందు రెండు ముఖాల ఫొటోలు, అంచు ఫొటో, బరువు అడుగు. ఇవ్వనంటే ఆ బేరం వదిలెయ్.

ఆశీస్సులతో.